పసరు కరగిన దారి

మన సాహిత్యంలో ఒక్క పూట యాత్రకై మంచుకొండకు వెళ్ళి చిక్కుకొన్నవారిలో ప్రవరుడు ప్రసిద్ధుడు. అల్లసాని పెద్దన మనుచరిత్రము చదివినవారికే కాదు, చదువకున్నా తరగతిలో పంతులుగారి నోట విన్నవారికి కూడా ఆ కథ తెలియనిది కాదు. అరుణాస్పదపురంలో కాపురం, అగ్నిహోత్రం, అతిథిపూజ తప్ప మరొకటి ఎరుగని గృహస్థు. ఇంటికి వచ్చిన సిద్ధుడొకడు కాళ్ళకు పసరు పూసినాడు. పూసినదే తడవుగా హిమాలయం ఎదుట నిలిచినది. చూచినాడు, మైమరచినాడు, మిగిలిన వింతలు రేపు వచ్చి చూడవచ్చునులే అనుకొని మధ్యాహ్నపు అనుష్ఠానానికి ఇల్లు చేరబోయినాడు. చేరలేకపోయినాడు. ఎండకు మంచు కరగినది. కరగిన నీటికి పసరు కరగినది.

ఆ తరువాత ఎదురైన వరూధినిని గూర్చి మన విమర్శకులు వ్రాసినంతగా ఈ పసరును గూర్చి వ్రాయలేదు. వ్రాయవలసిన విషయమే. పెద్దన హిమాలయం ఎక్కి చూచినాడో లేదో నేను చెప్పను గాని, ఆయన చెప్పిన వేళ మాత్రం నూటికి నూరుపాళ్ళు సరియైనది. మంచు దారిలో ఉదయం మోసినది మధ్యాహ్నం మోయదు. రాత్రి చలికి గట్టిపడిన మంచు తెల్లవారుజామున రాతిపలకవలె కాలికి ఆనుతుంది. ఎండ ముదిరిన కొద్దీ అదే మంచు మెత్తబడి మోకాలి లోతుకు దిగబడుతుంది, వాలున్న చోట పొర పొరగా జారిపోతుంది. అందుచేతనే కొండలెక్కేవారు తెల్లవారక ముందే, దీపాల వెలుతురులో బయలుదేరుతారు. మధ్యాహ్నం లోపల దిగి రావాలని గడియారం చూచుకొంటారు. వారి పసరు కూడా పన్నెండు గంటలకే కరగిపోతుంది.

ఇట్లు పసరు కరగిన మనుష్యులు కొందరు హైదరాబాదు నగరానికి తూర్పున ఉన్న ఉప్పల్ రోడ్డుకు వచ్చి చేరినారు. ప్రాణాలతో కాదు, ఎముకల తునకలుగా.

ఆ రోడ్డు మన విద్యార్థులలో చాలమందికి పరిచితమైనదే. తార్నాక దాటి, హబ్సిగూడ దాటి ఉప్పల్ వైపు పోతుంటే ఒక వైపు సీసీఎంబీ, అనగా కణ, అణుజీవశాస్త్రాల పరిశోధన కేంద్రం. దానికి చేరువలోనే 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, ఎన్జీఆర్‌ఐ. దాని పేరనే మెట్రో రైలుకు ఒక స్టేషను కూడా ఉన్నది. ఇంకా ముందుకు పోతే ఉప్పల్‌లో సర్వే ఆఫ్ ఇండియా వారి శిక్షణ సంస్థ. హబ్సిగూడ దగ్గర పక్కకు తిరిగితే నాచారం. అక్కడ పారిశ్రామికవాడ, పెద్దచెరువు, ఒక సినిమా స్టూడియో. మంచుకొండ కావలెనంటే ఆ స్టూడియోలో తెరమీద బొమ్మ వేయించి నిలబెట్టవచ్చును గాని, సముద్రమట్టానికి అయిదువందల నలభై మీటర్ల ఎత్తున, చలికాలంలో ఉన్ని చొక్కా రెండు నెలలు కూడా తొడగని ఈ ప్రాంతానికి మంచు దారులతో సంబంధమేమిటని ఎవరికైనా తోచవచ్చు. సంబంధం ఉన్నది. బస్సు కిటికీలోనుంచి కనిపించే ఆ ప్రహరీగోడల లోపల ఉన్నది.

హిమాలయాలలో, నేటి ఉత్తరాఖండ్ రాష్ట్రపు చమోలీ జిల్లాలో, త్రిశూల పర్వతపు ఒడిలో రూపకుండమనే చిన్న మడుగు ఒకటి కలదు. ఎత్తు అయిదువేల మీటర్లకు పైన. వెడల్పు నలభై మీటర్లు మాత్రమే. మన పల్లెలలో దీనిని చెరువని కూడా అనరు, కుంట అంటారు. ఏడాదిలో ఎక్కువ భాగం అది గడ్డకట్టి మంచు కింద దాగి ఉంటుంది. వేసవి చివర మంచు తొలగినప్పుడు ఒడ్డునా నీటిలోనా కనిపించేవి మనుష్యుల పుర్రెలు, తొడ ఎముకలు. ఒకటి రెండు కావు, కొన్ని వందల మందివి. 1942లో హరికిషన్ మధ్వాల్ అనే అటవీ అధికారి వీటిని చూచి లోకానికి తెలిపినాడు. అప్పుడు యుద్ధకాలం, టిబెట్టు దారిని జొరబడబోయి చచ్చిన జపాను సైనికులేమోనని ప్రభుత్వం వారు గాబరాపడినారట. ఎముకలు పాతవని తేలిన తరువాత ఆ గాబరా తీరినది గాని, ప్రశ్న తీరలేదు. ఊరు లేదు, చేను లేదు, యుద్ధం జరిగిన జాడ లేదు. అంతమంది అక్కడికి ఎందుకు పోయినారు? అక్కడనే ఎందుకు పోయినారు?

ఆ దారి ఎట్లుంటుందో ముందు చెప్పుకొంటే గాని ఈ ప్రశ్న బరువు తెలియదు. వాన్ అనే గ్రామం నుండి అడవిలో ఎక్కి బేదినీ బుగ్యాల్ చేరుతారు. బుగ్యాల్ అంటే చెట్లు ఆగిపోయిన ఎత్తులో ఉండే పచ్చికబయలు. మూడువేల మీటర్లు దాటిన ఆ బయలులో గొర్రెలు, గుర్రాలు మేస్తూ ఉంటాయి. అంతవరకు దారి మనసుకు హాయిగానే ఉంటుంది. తరువాత పాతర్ నచౌనీ, కేలూ వినాయకం, ఆపైన రాళ్ళగుట్టల మధ్య భగువాబాసా. ఇక్కడితో పచ్చదనం సరి. అసలు పరీక్ష దీనికి మీది ఒక్కరోజు నడక. దూరం చూస్తే నాచారం నుండి తార్నాక దాకా పోయి వచ్చినంత ఉండదు! మన బడిపిల్లలు ఆడుతూ పాడుతూ నడిచే దూరమే. కాని ఆ నడకకు అర్ధరాత్రి దాటగానే లేవాలి. వాలుమీద మంచులో ముందు నడిచేవాడు మంచుగొడ్డలితో మెట్లు నరుకుతూ పోతే, వెనుకవారు ఆ మెట్లలోనే అడుగు వేయాలి. బూట్ల అడుగున ఇనుప ముండ్లు కట్టుకొనకపోతే కాలు నిలువదు. ఎడమచేతి పక్క ఏమున్నదో చూడకుండా ఉండటం మేలు. కుండం చేరిన తరువాత దాని నెత్తిన జునార్‌గలీ అనే సన్నని గట్టు ఉన్నది. కత్తివాదర వంటి ఆ గట్టు దాటితే అవతల శిలాసముద్రం, హోమకుండం. గట్టు మీద గాలివాన పట్టుకొంటే ముందు నుయ్యి వెనుక గొయ్యి అనే మాటకు అర్థం నిఘంటువు అక్కరలేకుండా తెలుస్తుంది. తలదాచుకొనేందుకు ఒక్క చెట్టు లేదు, ఒక్క గుహ లేదు.

ఇంత కష్టమైన దారిని ఎవరు నడుస్తారంటే, భక్తులు. నందాదేవిని పుట్టింటి నుండి అత్తవారింటికి, అనగా కైలాసానికి, సాగనంపే రాజజాత్ అనే యాత్ర సుమారు పన్నెండేండ్లకు ఒకసారి ఈ మార్గాన సాగుతుంది. నాలుగు కొమ్ముల పొట్టేలు ముందు నడుస్తుంది. 2014లో అట్టి యాత్ర జరిగినది. ఆడపిల్లను అత్తవారింటికి పంపే దుఃఖాన్ని ఒక కొండజాతి అంతా కలిసి రెండువందల యాభై కిలోమీటర్లకు పైగా నడిచి తీర్చుకొంటున్నదంటే, మన అప్పగింతల పాటలు విన్నవారికి వేరే వివరణ అక్కరలేదు.

ఆ ప్రాంతపు జనులు చెప్పే కథ ఒకటి ఉన్నది. కనౌజు రాజు జసధవళుడు, నిండు గర్భిణి అయిన రాణితో, ఆటకత్తెలతో, పరివారంతో ఈ యాత్రకు వచ్చినాడట. పవిత్రమైన దారిలో నాట్యాలు చేయించి మైలపరచినందుకు దేవి కోపించి ఇనుపగుండ్ల వంటి వడగండ్లు కురిపించినదట. పాతర్ నచౌనీ అన్న పేరుకు ఆటకత్తెలు ఆడిన చోటు అనియే అర్థం చెబుతారు. ఇది పుక్కిటి పురాణమని తోసివేయటం సులభం. కాని 2004లో అక్కడికి వెళ్ళిన శాస్త్రజ్ఞుల బృందం తెచ్చిన పుర్రెలలో కొన్నిటి మీద, పైనుండి గుండ్రని బరువైన వస్తువు పడి చితికిన గాయాలు కనబడినవి; గాయం మానిన గుర్తు లేదు. అనగా గాయంతోనే మరణం. పెద్ద వడగండ్లు పడి ఉండవచ్చునని వారు ఊహించినారు. వడగండ్లకు మనుష్యులు చస్తారా అని సందేహించేవారికి ఒక్క సంగతి: 1888 ఏప్రిల్ 30న మొరాదాబాదు ప్రాంతంలో కురిసిన వడగండ్లకు 246 మంది మరణించినారు. వాతావరణ చరిత్రలో వడగండ్ల మరణాలకు నేటికీ అదే లెక్క.

అప్పటినుండి పత్రికలలో, పుస్తకాలలో రూపకుండపు కథ ముగిసినట్లే వ్రాస్తూ వచ్చినారు. సుమారు తొమ్మిదవ శతాబ్దం, ఒక యాత్రికుల గుంపు, ఒక వడగండ్లవాన, ఒక్క సాయంకాలంలో అందరూ సమాప్తం. కథ చక్కగా కుదిరినది. చక్కగా కుదిరిన కథలను కొంచెం అనుమానించవలెనని ఉప్పల్ రోడ్డు వారు చూపినారు.

సీసీఎంబీలో డాక్టర్ లాల్జీ సింగ్ కాలంలో మొదలై, డాక్టర్ కుమారస్వామి తంగరాజ్ ముందు నిలిచి నడిపించిన పరిశోధనలో, హార్వర్డు, జర్మనీలోని మాక్స్ ప్లాంకు సంస్థల వారితో చేరి, ఆ ఎముకలనుండి జన్యుద్రవ్యాన్ని వెలికి తీసినారు. ముప్ఫై ఎనిమిది మంది విషయంలో చదువదగిన ఫలితం దక్కినది. 2019 ఆగస్టులో ఆ ఫలితాన్ని ప్రకటించినప్పుడు ఆశ్చర్యపడని శాస్త్రజ్ఞుడు లేడు. ముప్ఫై ఎనిమిది మందిలో ఇరవైముగ్గురు భారతీయులు. వారైనా ఒక ఊరివారో ఒక కులంవారో కారు; దేశపు నానా ప్రాంతాల జనులను పోలినవారు. ఒక్కడు ఆగ్నేయాసియా వాడు. మిగిలిన పద్నాలుగురు? గ్రీసు, క్రీటు దీవి ప్రాంతపు నేటి జనులకు దగ్గరివారు! మధ్యధరా సముద్రం ఎక్కడ, త్రిశూల పర్వతం ఎక్కడ?

కాలం లెక్క ఇంకా విచిత్రం. భారతీయులు సుమారు ఏడు, పది శతాబ్దాల మధ్యవారు. వారందరూ ఒక్కసారి పోయినట్లు కూడా కనబడదు. మధ్యధరా వారు సుమారు 1800 ప్రాంతం వారు. నడుమ వేయి సంవత్సరాల ఎడం. వేయి సంవత్సరాల దూరంలో, సంబంధంలేని రెండు జనసమూహాలు, అదే మడుగు ఒడ్డున ప్రాణాలు విడిచినవి.

ఈ పరిశోధనలో మరికొన్ని అంశాలు చెప్పదగినవి. ఆడవారు, మగవారు ఇద్దరూ ఉన్నారు. కనుక అది సైన్యం కాదు. పరీక్షించినవారిలో దగ్గరి బంధువులైన వారు ఒక్కరూ లేరు. కనుక కుటుంబాల వలస కాదు. మహమ్మారి రోగక్రిములు వెదకినారు, దొరకలేదు. ఎముకలోని కర్బనాన్ని బట్టి వారు ఏమి తిని పెరిగినారో కూడా కొంత చెప్పవచ్చును. గోధుమ, వరి వంటి పైరులు ఒక తీరున, సజ్జ, జొన్న, కొర్ర వంటి చిరుధాన్యాలు మరొక తీరున గాలిలోని కర్బనాన్ని గ్రహిస్తాయి. తిన్నవారి ఎముకలో ఆ భేదం వందల ఏండ్లు నిలిచి ఉంటుంది. పాతకాలపు భారతీయులలో చిరుధాన్యాలు బాగా తిన్నవారు కొందరు, తినని వారు కొందరు. అనగా ఒకే కంచంలో తిన్నవారు కారు. పలు సీమల నుండి వచ్చి ఒక దారిలో కలిసినవారు. యాత్రికులన్న మాట ఇప్పుడు ఊహ నుండి కొంత నిజం వైపు జరిగినది.

వడగండ్ల కథ అబద్ధమని నేననను. పుర్రెల మీది గాయం కండ్లకు కనబడే సాక్ష్యం. కాని మూడు పుర్రెల గాయాన్ని మూడువందల మందికి పంచిపెట్టటం న్యాయం కాదు. వేయి సంవత్సరాల ఎడంలో వచ్చినవారిని ఒకే వాన చంపలేదు. చంపినది ఆ చోటు. ఆ చోటి ఎత్తు, చలి, వేళ, వాలు. తప్పక మళ్ళీ మళ్ళీ పనిచేసే కారణాలు ఇవే గనుక, కథ కన్నా ఇవి తెలుసుకోవటం మన విద్యార్థులకు ఎక్కువ అవసరం.

ఒక చిన్న లెక్క తరగతిలో చేయించవచ్చును. ఎత్తు వేయి మీటర్లు పెరిగితే వేడి సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. ఉప్పల్‌లో ముప్ఫై డిగ్రీలున్న గాలిని అయిదువేల మీటర్లకు ఎత్తినట్లు భావిస్తే ఒక డిగ్రీకి దిగుతుంది. అది పగటిపూట, గాలి లేనప్పుడు. గాలి వీచితే, బట్ట తడిస్తే, సూర్యుడు గట్టుచాటు అయితే ఈ లెక్క ఎక్కడికో పోతుంది. ఆ ఎత్తున గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉన్న దానిలో సగం కన్నా కొంచెం ఎక్కువ మాత్రమే. కనుక ప్రతి ఊపిరిలోనూ ప్రాణవాయువు సగమే. తలనొప్పి, వికారం, ఆకలి లేకపోవటం మొదటి గుర్తులు. అడుగులు తడబడటం, మాట తొణకటం ప్రమాదపు గుర్తులు. వీటికి నిజమైన మందు ఒకటే: కిందికి దిగటం. తక్కిన మందులన్నీ దిగేందుకు వ్యవధి ఇచ్చేవే.

చలి చంపే తీరు మరీ మోసమైనది. శరీరపు లోపలి వేడి ముప్ఫై అయిదు డిగ్రీలకు తగ్గితే వణుకు పుడుతుంది. ఇంకా తగ్గితే వణుకు ఆగిపోతుంది. ఆగినందుకు మనిషి సంతోషిస్తాడు, కాస్త కూర్చుంటానంటాడు. తెలివి ముందుగా పోతుంది గనుక తనకు తెలివి పోయినదని తెలియదు. ఈ నేలమీద ఇంత హాయినిచ్చే నూలుబట్ట అక్కడ శత్రువు. చెమటకో మంచుకో తడిసినదంటే ఆరదు, ఒంటి వేడినంతా లాగివేస్తుంది. ఉన్ని తడిసినా కొంత కాపాడుతుంది. కొత్త మంచు మీద ఎండ పడితే కండ్లు కాలుతాయి. నల్ల అద్దాలు లేనివాడికి సాయంకాలానికి కంట్లో ఇసుక పోసినట్లవుతుంది, చూపు కొన్నాళ్ళు పోతుంది కూడా. పాతకాలపు యాత్రికునికి నల్ల అద్దాలు లేవు, ఇనుప ముండ్లు లేవు, వాతావరణ సూచన లేదు. గొంగడి ఉండి ఉండవచ్చు. దైవం ఉన్నాడు. వారి ధైర్యాన్ని తలచుకొంటే చేతులు జోడించవలసినదే గాని, గట్టు మీద మబ్బు కమ్మిన క్షణాన వెనుకకు మళ్ళుదామని చెప్పే అధికారం గుంపులో ఎవరికి ఉండినదో అని నాకు అనుమానం. దేవి దర్శనానికి పోయేవాడు మధ్యదారిలో మళ్ళడు.

ఉప్పల్ రోడ్డులోని రెండవ గోడ వెనుక మాట కూడా ఒకటి చెప్పవలె. త్రిశూలానికి ఇరుగుపొరుగుననే రోంటీ అనే శిఖరం ఉన్నది. 2021 ఫిబ్రవరి 7వ తేదీ ఉదయం ఆ శిఖరపు ఒక వాలు, రాయీ మంచూ కలిసి, ఊడి లోయలో పడినది. రెండున్నర కోట్ల ఘనపు మీటర్లకు పైబడిన ఆ ముద్ద ఋషిగంగలో, ధౌలీగంగలో బురదవరదగా పొంగి రెండువందలకు పైగా మనుష్యులను మింగినది. చాలమంది తపోవనం దగ్గర పనిచేస్తున్న కూలీలు. ఎన్జీఆర్‌ఐ వారు, జర్మనీ శాస్త్రజ్ఞులు కలిసి, భూకంపాల కోసం ఆ కొండలలో నెలకొల్పిన యంత్రాలు నమోదు చేసిన కదలికలను చదివి, కొండ విరిగిన ఘడియ నుండి వరద ముందుకు సాగిన తీరు దాకా ఆ గీతలలో పట్టుకొనవచ్చునని ఆ సంవత్సరమే చూపినారు. కిందనున్నవారికి కొన్ని నిమిషాల ముందు కేక వేయగల యంత్రాంగం సాధ్యమని దాని సారాంశం. సాధ్యమనటం వేరు, ఏర్పడటం వేరు. అయినా కొన్ని నిమిషాలు చాలు, సొరంగంలో నుండి బయటికి పరుగెత్తడానికి.

మూడవ గోడ, సర్వే వారిది. కొండల ఎత్తు కొలిచే విద్య మన నేల మీదనే ముదిరినది. లాంబ్టన్ దొర దక్షిణాది నుండి త్రికోణాలు పేర్చుకొంటూ వచ్చి హైదరాబాదులో మకాం పెట్టినప్పుడు, 1818లో ఆయనకు సహాయకుడుగా వచ్చినవాడు జార్జి ఎవరెస్టు. కృష్ణా గోదావరీ నదుల నడుమ అడవులలో కొలతకు పోయి, జ్వరం పట్టి, ప్రాణం దక్కించుకొనటానికి గుడ్‌హోప్ అగ్రం దాకా పోయినాడు. మంచు ఏనాడూ ఆయనను బాధించలేదు; మన దోమ బాధించినది. లోకంలో కెల్ల ఎత్తైన శిఖరం ఆయన పేరు మోస్తున్నదంటే ఆ జ్వరపు అడవుల కష్టం కూడా అందులో ఒక పాలు ఉన్నది.

ఆ శిఖరానికి తెలంగాణం నుండి పోయిన దారి కూడా ఉప్పల్ గుండానే పోతుంది. ఇది అలంకారానికి అన్న మాట కాదు. ఉప్పల్ చౌరస్తాలో వరంగల్ వైపు బస్సు ఎక్కితే గంటా గంటన్నరలో భువనగిరి. పశ్చిమ చాళుక్య చక్రవర్తి త్రిభువనమల్ల విక్రమాదిత్యుని పేర వెలసిన కోట అక్కడ ఏకశిల మీద నిలిచి ఉన్నది. కోడిగుడ్డు బోర్లించినట్లున్న ఆ నున్నని బండ మీదనే, 2013లో, సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలల పిల్లలకు బండలెక్కటం నేర్పినారు. అప్పటి గురుకులాల కార్యదర్శి ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ సంకల్పం, శిక్షకుడు బి. శేఖర్‌బాబు పూనిక. అందులో వడపోసి కొందరిని డార్జిలింగు పర్వతారోహణ విద్యాలయానికి, ఆపైన లడఖ్ చలికి పంపినారు. చివరకు మిగిలినవారు ఇద్దరు: నిజామాబాదు జిల్లా పాకాలకు చెందిన మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనంద్ కుమార్.

2014 మే 25న, తెలంగాణ రాష్ట్రం ఏర్పడటానికి వారం రోజుల ముందు, ఇద్దరూ టిబెట్టు వైపు నుండి ఎవరెస్టు శిఖరం చేరినారు. పూర్ణకు అప్పటికి పద్నాలుగేండ్లు నిండలేదు. పదమూడు సంవత్సరాల పదకొండు మాసాలు. లోకంలో ఆ శిఖరమెక్కిన బాలికలలో ఆమెయే పిన్నవయస్కురాలు. ఆ నెల ముందుననే, ఏప్రిల్ 18న, నేపాలు వైపు దారిలో మంచుపెళ్ళలు విరిగిపడి పదహారుగురు షేర్పాలు చనిపోయినారు. కూలి చేసుకొని బ్రతికే తల్లిదండ్రులు ఈ వార్త విని ఎట్లు నిద్రపోయినారో మనం ఊహించుకొనవలసినదే. పై మజిలీ నుండి శిఖరానికి పోయి దిగే ఆ ఒక్కరోజు దారిలో, ఏనాడో పోయిన ఆరోహకుల శవాలు మంచులో అట్లే ఉండగా వాటిని దాటి నడిచినానని పూర్ణ తరువాత చెప్పినది. ఎనిమిదివేల మీటర్లకు పైన దేనినీ దించి తేవటం సులభం కాదు. రూపకుండం ఒక్కచోటనే లేదు.

ఇంత చిన్నవయసు బిడ్డను అంత ఎత్తుకు పంపవచ్చునా అని అప్పుడు అడిగినవారు ఉన్నారు. అడగవలసిన ప్రశ్నే. నేపాలు వారు పదహారేండ్లు నిండనివారిని ఎక్కనివ్వరు. అందుకనే టిబెట్టు వైపు పోవలసి వచ్చినది. నా మట్టుకు నేను ప్రశ్నను ఇంకొక విధంగా అడుగుతాను: ఆ పిల్లకు ఎక్కటం ఎంత నేర్పినారో దిగటం అంత నేర్పినారా? నేర్పినారని ఆమె తరువాతి జీవితమే చెబుతున్నది. ఏడు ఖండాల ఏడు శిఖరాలనూ ఎక్కి దిగి, 2022లో ఆ వరుసను ముగించినది.

దిగటమెంత కష్టమో చెప్పటానికి మనవాడే మరొకడు. నెల్లూరు జిల్లా గాంధీజనసంగంలో పుట్టిన మల్లి మస్తాన్‌బాబు, కోరుకొండ సైనిక పాఠశాల విద్యార్థి, 2006లో ఏడు ఖండాల శిఖరాలను 172 రోజులలో ఎక్కినవాడు. హిమాలయాలలోనూ ఆండీసులోనూ ఆయనకు తెలియని చలి లేదు. 2015 మార్చి 24న, అర్జెంటీనా చిలీ సరిహద్దులోని ట్రెస్ క్రూసెస్ పర్వతం మీదికి మజిలీ నుండి ఒంటరిగా బయలుదేరినాడు. వాతావరణం చెడినది. ఏప్రిల్ మొదటివారంలో ఆయన శరీరం దొరికినది. వయసు నలభై. అంత నేర్పరికి కూడా కొండ మినహాయింపు ఇవ్వలేదు.

ఉపాధ్యాయులలో కొందరికైనా, పిల్లలను కొండకు తీసుకుపోవలెనన్న ఉత్సాహం, తీసుకుపోతే ఏమి జరుగునోనన్న భయం రెండూ ఉంటాయని నేనెరుగుదును. ఆ రెండూ ఉండవలసినవే. ఉప్పల్, నాచారం బడుల పిల్లలకు హిమాలయం అందకపోవచ్చు, భువనగిరి అందుతుంది. ఆ బండ మీద ఉదయం ఆరు గంటలకు, పదిన్నరకు, మధ్యాహ్నం రెండింటికి చేయి ఆనించి చూడమనండి. ఒకే రాయి మూడు వేళల మూడు రాళ్ళు. వేసవిలో అక్కడి ఎండ చేసే పని, అక్కడి చలి చేసే పనికి అన్నదమ్ముల వరుస. బయలుదేరక ముందే తిరుగు వేళ పలకమీద వ్రాయించి, శిఖరం ఇరవై అడుగుల దూరంలో ఉన్నా ఆ వేళకు వెనుకకు తిప్పండి. పిల్లలు సణుగుతారు. సణగనివ్వండి. గుంపులో వెనుకబడినవాని నడకయే గుంపు నడక అని, ఆయాసపడేవాడు ఆయాసపడుతున్నానని చెప్పటం సిగ్గుపడే పని కాదని ఆ ఒక్కపూటలో తెలుస్తుంది. ఇది పుస్తకంలో చెప్పితే పరీక్షకు వ్రాస్తారు, మరచిపోతారు.

రూపకుండానికి పోయేవారు పెరిగిన తరువాత అక్కడ జరిగినది వేరొక నష్టం. జ్ఞాపకానికని ఎముక తునకలు సంచీలలో వేసుకొని పోయినవారు ఉన్నారు. ఫొటో కోసం పుర్రెలను వరుసగా పేర్చినవారు ఉన్నారు. కొండచరియలు విరిగిపడి, మనుష్యులు కదిలించి, ఏ ఎముక ఏ పొరలో ఎక్కడ ఉండినదో ఇప్పుడు చెప్పటానికి వీలు లేకుండా పోయినది. పురావస్తు శాస్త్రజ్ఞునికి వస్తువు కన్నా అది పడి ఉన్న చోటు ముఖ్యం. చోటు చెదిరితే సగం సాక్ష్యం పోయినట్లే. 2018లో ఉత్తరాఖండ్ ఉన్నత న్యాయస్థానం బుగ్యాళ్ళలో రాత్రి బసను నిషేధించినది. గుడారాల గుంపుల వల్ల పచ్చికబయళ్ళు చెడిపోతున్నవని ఆ తీర్పు.

భారతీయులైన ఆ ఇరవైముగ్గురి యాత్రకు నందాదేవి దారి కొంత సమాధానం ఇస్తున్నది. మధ్యధరా ప్రాంతపు పద్నాలుగురికి అట్టి సమాధానం లేదు. 1800 ప్రాంతం అంటే ఎంతో పాతకాలం కాదు. ఎవరెస్టు దొర అప్పటికి పదేండ్లవాడు. ఆడా మగా కలిసిన ఒక గుంపు, అంత దూరదేశపు మనుష్యులు, గఢ్వాలు గ్రామాల మీదుగా నడిచి పోయినారంటే ఎవరో ఒకరు చూచి ఉండాలి, ఎక్కడో ఒక అధికారి దినచర్యలోనో, ఒక మఠపు లెక్కలలోనో ఒక పంక్తి వ్రాసి ఉండాలి. వారు ఏ దేవుని దర్శించబోయినారో, ఎవరు దారి చూపినారో తెలిపే అట్టి పంక్తి ఇంతవరకు పరిశోధకుల కంటబడలేదు.